దారిని చూసి టైరు కొనండి

కొత్త కారు కొనేటప్పుడు టైర్ల గురించి పెద్దగా ఎవరూ అడగరు. కంపెనీ ఏవి వేసి ఇస్తే వాటితోనే బండి ఇంటికొస్తుంది. అసలు పరీక్ష ఆ టైర్లు గుండు కొట్టినట్టయ్యాక మొదలవుతుంది. పోలో జీటీ, ఐ20 ఎన్ లైన్, వర్టస్ జీటీ, స్లావియా లాంటి ఉరకలేసే కార్లున్న వాళ్లకు ఆ పరీక్ష ఇంకాస్త గట్టిది. వాళ్లకు కారుతో పాటు కారు మీద మోజు కూడా ఉంటుంది మరి.

నిర్ణయాల గురించి మాట్లాడుకునే పుస్తకంలో టైర్ల గొడవ ఎందుకని మీకు అనిపించవచ్చు. చదువు, ఉద్యోగం, ఇల్లు లాంటి నిర్ణయాల్లో పొరపాటు బయటపడటానికి ఏళ్లు పడుతుంది. టైరు విషయంలో మొదటి పెద్ద వానకే తేలిపోతుంది. ఫలితం అంత త్వరగా తెలిసే చోట ఎంపిక నేర్చుకోవడం సులువు. ఇక్కడ నేర్చుకోవాల్సింది ఒకటే: వస్తువును చూడకముందు అవసరాన్ని కాగితం మీద పెట్టడం. ఈ అధ్యాయమంతా ఆ ఒక్క పని ఎలా చేయాలన్నదే.

మీ అసలు దారి ఏది?

అల్వాల్‌లో ఉండే ఒక యువకుడిని ఊహించుకుందాం. ఐటీ ఉద్యోగం, వర్టస్ జీటీ కారు. టైర్ల కోసం బయల్దేరినప్పుడు అతని కళ్ల ముందు మెదిలేది ఔటర్ రింగ్ రోడ్డు. ఆదివారం తెల్లవారకముందే రాజీవ్ రహదారి పట్టుకుని హకీంపేట, తూంకుంట దాటి శామీర్‌పేట దగ్గర ఔటర్ ఎక్కితే, చుట్టంతా కలిపి 158 కిలోమీటర్లు. వేగంగా వెళ్లే రెండు లేన్లలో 2023 నుంచి గంటకు 120 దాకా అనుమతి ఉంది. ఆ ఊహలో ఉన్నవాడికి ఏ టైరు చూసినా సరిపోనట్టే ఉంటుంది. ఇంకా వెడల్పుది కావాలి, ఇంకా పల్చటిది కావాలి.

ఇప్పుడు సోమవారం ఉదయం సంగతి చూడండి. మచ్చబొల్లారం గల్లీలోంచి మెయిన్ రోడ్డు మీదికి రావాలి. పైపులైను కోసం తవ్వి పూడ్చిన గాడి, రోడ్డు కన్నా బెత్తెడు పైకి లేచిన మ్యాన్‌హోల్ మూత, ఎవరి ఇంటి ముందు వాళ్లు వేసుకున్న స్పీడ్ బ్రేకరు. తర్వాత లోతుకుంట, తిరుమలగిరి, బోయిన్‌పల్లి, బాలానగర్, కూకట్‌పల్లి మీదుగా హైటెక్ సిటీ. సాయంత్రం మళ్లీ అదే దారి. ప్యారడైజ్ నుంచి శామీర్‌పేట ఔటర్ దాకా 18 కిలోమీటర్ల కారిడార్‌కు 2024 మార్చిలో అల్వాల్‌లోనే శంకుస్థాపన జరిగింది. అలాంటి పెద్ద పనులు నడిచినన్నాళ్లూ దారిలో కంకర, ఇసుక, ఇనుప తీగ ముక్కలు తప్పవు.

అందుకే షాపుకు వెళ్లేముందు ఒక వారం పాటు మీ ప్రయాణాలు రాసి పెట్టుకోండి. గల్లీ ఎంత, సిటీ రోడ్డు ఎంత, హైవే ఎంత. కారులో ఒక్కరే ఉంటున్నారా, అమ్మానాన్నలు, పిల్లలు, సామాను కలిపి నిండు బండితో వెళ్తున్నారా? వానలో నడపక తప్పని ఉద్యోగమా, సెలవు పెట్టుకోగలిగే ఉద్యోగమా? ఈ లెక్క తేలితే సగం నిర్ణయం అయిపోయినట్టే. చాలామందికి ఆదివారం ఔటర్ వాటా తాము అనుకున్న దానికన్నా చాలా తక్కువని అప్పుడే తెలుస్తుంది.

టైరు ఒంటి మీద రాత

మీ కారు పక్కన కూర్చుని టైరు పక్కగోడ మీద ఉన్న అక్షరాలు చదవండి. ఉదాహరణకు 205/55 ఆర్16 91వి అని ఉంటుంది. 205 అంటే టైరు వెడల్పు మిల్లీమీటర్లలో. 55 అంటే పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో 55 శాతం, అంటే సుమారు 113 మిల్లీమీటర్లు. ఆర్ అంటే రేడియల్. 16 అంటే రిమ్ము వ్యాసం అంగుళాల్లో. 91 అనేది బరువు సూచిక, ఒక్కో టైరు 615 కిలోల దాకా మోయగలదని. వి అంటే గంటకు 240 కిలోమీటర్ల వేగం దాకా తట్టుకుంటుందని. హెచ్ అయితే 210, టి అయితే 190.

240 వేగంతో ఎవరు వెళ్తారని కొందరు తక్కువ అక్షరం ఉన్న టైరుతో సరిపెట్టుకుంటారు. ఎండాకాలం మధ్యాహ్నం నిండు బండితో గంటసేపు హైవే మీద నడిస్తే టైరు లోపల పుట్టే వేడిని తట్టుకునే శక్తి కూడా ఆ అక్షరంలోనే ఉంది. కంపెనీ ఇచ్చిన బరువు సూచిక, వేగం అక్షరం రెండూ పైకి పోవచ్చు గానీ కిందికి దిగకూడదు.

కోడిగుడ్డు ఆకారపు చిన్న గడిలో నాలుగు అంకెలుంటాయి. 2324 అని ఉంటే 2024వ సంవత్సరం 23వ వారంలో తయారైందన్నమాట. ఈ అంకెలు టైరుకు ఒక వైపే ఉండొచ్చు, కాబట్టి తిప్పించి చూడండి. మన సదాశివపేటలో ఎంఆర్‌ఎఫ్ టైర్లు తయారవుతాయి. తిరుపతి జిల్లా చిన్నపండూరులో 2020 నుంచి అపోలో టైర్లు తయారవుతున్నాయి. ఫ్యాక్టరీ దగ్గర్లో ఉన్నంత మాత్రాన షాపులో ఉన్నది తాజా సరుకని నమ్మడానికి లేదు. గోడౌన్‌లో ఏళ్ల తరబడి పడి ఉన్న రబ్బరు వాడకపోయినా గట్టిపడుతుంది. ఏడాది లోపు తయారైనదైతే నిశ్చింతగా తీసుకోండి. రెండేళ్లు దాటితే వేరే సెట్ అడగండి.

ఐఎస్ఐ గుర్తు ఉందో లేదో కూడా చూడండి. మన దేశంలో అమ్మే కార్ల టైర్లకు అది తప్పనిసరి.

వెడల్పు మాయ

స్పోర్ట్ కారు అనగానే మొదట పుట్టే కోరిక వెడల్పాటి టైరు. షాపులో మాటలు ఇలా సాగుతాయి:

"అన్నా, 17 అల్లాయ్ ఏసి 225 ఎక్కిస్తే బండి రోడ్డుకు అతుక్కుంటది. లుక్కు కూడా మస్తుంటది."

"మరి గుంతల పడితే రిమ్ము వంగదా?"

"అది మీరు నడిపే దాన్ని బట్టి ఉంటది అన్నా."

ఆ చివరి మాటతో బాధ్యత మొత్తం మీ నెత్తిన పడింది. అందుకే లెక్క మీరే వేసుకోవాలి.

కారు బరువు మోసేది టైరులోని గాలి. మనిషితో కలిపి 1,320 కిలోల కారు అనుకుందాం. సగటున ఒక్కో చక్రం మీద 330 కిలోలు. గాలి 33 పీఎస్‌ఐ ఉంటే చదరపు సెంటీమీటరుకు దాదాపు 2.3 కిలోలు. అంటే ఒక్కో టైరు రోడ్డును తాకేది సుమారు 140 చదరపు సెంటీమీటర్లు, పోస్టుకార్డు కన్నా కాస్త ఎక్కువ. టైరు వెడల్పు పెంచి గాలి అంతే ఉంచితే ఈ వైశాల్యం పెద్దగా పెరగదు. దాని ఆకారం మాత్రం మారుతుంది, అడ్డం పెరిగి నిలువు తగ్గుతుంది. మలుపుల్లో అది లాభమే. కానీ నీళ్లున్న రోడ్డు మీద అడ్డం పెరిగిన టైరు ఎక్కువ నీటిని పక్కకు నెట్టాలి. పైగా మైలేజీ కొంత తగ్గుతుంది.

ఇక పక్కగోడ సంగతి. 205/55 ఆర్16కు పక్కగోడ 113 మిల్లీమీటర్లు. 225/45 ఆర్17కు 101. 215/40 ఆర్18కు 86. మూడింటికీ చక్రం మొత్తం వ్యాసం దాదాపు ఒకటే, 632 మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. అంటే రిమ్ము పెరిగిన కొద్దీ రబ్బరు తగ్గింది. గుంతలో పడినప్పుడు దెబ్బ తీసుకునేది ఆ రబ్బరు, అందులోని గాలి. అది తగ్గితే దెబ్బ రిమ్ముకు, సస్పెన్షన్‌కు, మీ నడుముకు చేరుతుంది. పక్కగోడ లోపలి దారాలు తెగితే టైరు మీద బుడగ లేస్తుంది. బుడగ లేచిన టైరుకు మరమ్మతు లేదు, పారేయాల్సిందే.

సైజు మార్చాలనే అనుకుంటే రెండు హద్దులు పెట్టుకోండి. చక్రం మొత్తం వ్యాసం పాతదానికి రెండు శాతానికి మించి తేడా రాకూడదు. ఎక్కువైతే స్పీడోమీటరు తప్పు చూపిస్తుంది, టైరు మడ్‌గార్డుకు రాసుకుంటుంది. రెండోది, మీ మోడల్‌కు కంపెనీ మాన్యువల్‌లో రాసిన సైజులు దాటకండి. కంపెనీ నిర్దేశించిన వివరాలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. ఏదైనా జరిగినప్పుడు బీమా కంపెనీ మొదట అడిగేది కూడా ఇలాంటి మార్పుల గురించే.

మచ్చబొల్లారం గల్లీలో ఇల్లున్న మన యువకుడికి దీన్నిబట్టి తేలేది ఏమిటి? పాత 16 అంగుళాల రిమ్మే ఉంచుకుని, అల్లాయ్‌లకు పెట్టాలనుకున్న డబ్బుతో అదే సైజులో మేలైన టైరు కొనుక్కోవడం. పైన పటారం, లోన లొటారం అన్నట్టు ఖరీదైన అల్లాయ్‌లకు చవక రబ్బరు తొడిగిన కార్లు మన రోడ్ల మీద చాలానే కనిపిస్తాయి.

వానలో ఎవరు గెలుస్తారు?

2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ పోటీ జరిగింది. జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. గంటకు 300 కిలోమీటర్లు దాటగలిగేలా తయారైన ఆ కార్లకు వేసిన టైర్లను దగ్గరగా చూసినవాళ్లు గమనించే ఉంటారు. వాటికి మన కార్ల టైర్లలాగే గాడులున్నాయి. ఫార్ములా వన్‌లో పొడి రోడ్డుకు నున్నటి టైరు, వానకు వేరే టైరు మారుస్తారు. ఆ ఫార్ములా ఈ పోటీలో ఎండకైనా వానకైనా హాంకూక్ ఇచ్చిన ఒకే రకం టైరుతో నెట్టుకురావాల్సి ఉండేది. మన పరిస్థితీ అదే. అల్వాల్ నుంచి ఆఫీసుకు బయల్దేరేటప్పుడు ఎండగా ఉంటుంది, బాలానగర్ చేరేసరికి వాన దంచుతుంది. ఆపి టైర్లు మార్చే సిబ్బంది మనకు లేరు. అందుకే మన టైరు తడి రోడ్డు పరీక్షలో ముందు నెగ్గాలి.

టైరు కింద నీరు బయటికి పోవడానికి సందు లేకపోతే చక్రం నీటిపొర మీద తేలుతుంది. అప్పుడు స్టీరింగు తిప్పినా, బ్రేకు తొక్కినా కారు వినదు. నాసా ఇంజనీర్లు వాల్టర్ హార్న్, రాబర్ట్ డ్రెహర్ 1963లో విమానాల టైర్ల మీద చేసిన పరిశోధనతో ఒక సులువైన సూత్రం వచ్చింది. టైరులోని గాలి పీఎస్‌ఐకి వర్గమూలం తీసి 9తో గుణిస్తే, చక్రం తేలిపోయే వేగం నాట్లలో వస్తుంది. హకీంపేట రన్‌వే మీద దిగే విమానానికైనా, పక్కనే రాజీవ్ రహదారి మీద వెళ్లే కారుకైనా కారణం ఒకటే. 33 పీఎస్‌ఐకి ఆ వేగం గంటకు దాదాపు 96 కిలోమీటర్లు. గాలి 25కు దిగితే 83కు పడిపోతుంది. గాడులు లోతుగా ఉన్న మంచి టైరు నీటిని బయటికి పంపి ఇంకాస్త వేగం దాకా కాపాడుతుంది. గుండైన టైరుకు, లేదా గాడులు పట్టనంత నీరు నిలిచిన చోట ఏ టైరుకైనా, ఆ అదనపు రక్షణ ఉండదు. ఔటర్ మీద 120 అనుమతి ఉన్నా, నీరు నిలిచినప్పుడు 80 దాటకూడదని చెప్పేది ఈ లెక్కే.

మన నిబంధనల ప్రకారం కారు టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్ల కన్నా తగ్గకూడదు. కొత్త టైరుకు 8 దాకా ఉంటుంది. గాడి లోపల వేలు పెట్టి జరుపుతూ పోతే ఒకచోట చిన్న ఎత్తు తగులుతుంది. టైరు పైభాగం అరిగి ఆ ఎత్తుతో సమానమైతే చట్టం ప్రకారం దాని ఆయుష్షు తీరినట్టు. వానాకాలంలో అంతదాకా ఆగొద్దు. 3 మిల్లీమీటర్లు మిగిలినప్పుడే కొత్తవాటి గురించి ఆలోచించండి. వీలైతే జూన్‌కు ముందే మార్చేయండి.

రబ్బరు స్వభావం

టైర్లలో మెత్తటి రబ్బరు రోడ్డును బాగా పట్టుకుంటుంది, త్వరగా అరుగుతుంది. గట్టి రబ్బరు ఎక్కువకాలం నడుస్తుంది, పట్టు తక్కువ. ఇటీవలి టైర్లలో సిలికా కలిపి ఈ దూరాన్ని కొంత తగ్గించారు గానీ పూర్తిగా చెరిపేయలేదు. కొన్ని టైర్ల మీద ట్రెడ్‌వేర్ అని 200, 300, 400 లాంటి అంకె ఉంటుంది. అంకె పెరిగిన కొద్దీ అరుగుదల తక్కువ. ప్రతి కంపెనీ తన పరీక్ష తానే చేసుకుంటుంది కనుక ఒకే కంపెనీ టైర్ల మధ్య పోలికకే అది పనికొస్తుంది.

రకాలు చూస్తే స్థూలంగా మూడు. మిషెలిన్ పైలట్ స్పోర్ట్, గుడ్‌ఇయర్ ఈగిల్ ఎఫ్1 లాంటివి పట్టు కోసం పుట్టినవి. స్టీరింగు తిప్పీ తిప్పగానే కారు తిరుగుతుంది. జేబు కూడా త్వరగా ఖాళీ అవుతుంది. మిషెలిన్ ప్రైమసీ, కాంటినెంటల్ అల్ట్రా కాంటాక్ట్, బ్రిడ్జ్‌స్టోన్ టురాంజా, అపోలో ఆస్పైర్ లాంటివి పట్టు, నిశ్శబ్దం, మన్నిక మూడింటినీ కలిపి చూసుకునేవి. మూడో రకం కేవలం మన్నిక, మైలేజీ కోసం. రోజూ సిటీలో తిరుగుతూ అప్పుడప్పుడూ కరీంనగర్, నిజామాబాద్ వెళ్లే స్పోర్ట్ కారుకు రెండో రకమే సరైన చోటు. చెన్నై దగ్గరున్న రేసు ట్రాకుకు కారు తీసుకెళ్లి నడిపే అలవాటు నిజంగా ఉంటే మొదటి రకం గురించి ఆలోచించండి.

బీఈఈ నక్షత్రాలు ఎక్కువున్నాయి కాబట్టి మంచి టైరు అని ఎవరైనా చెబితే ఒక్కటి గుర్తుంచుకోండి. ఆ నక్షత్రాలు ఇంధనం ఎంత ఆదా అవుతుందో చెప్పేవి. తడి రోడ్డు మీద బ్రేకు ఎంత దూరంలో పడుతుందన్నది వేరే సంగతి. టైరు దొర్లేటప్పుడు ఎదురయ్యే నిరోధం, తడి రోడ్డు పట్టు, శబ్దం మూడింటికీ కనీస ప్రమాణాలు పెడుతూ కేంద్రం 2022 జూన్‌లో నోటిఫికేషన్ ఇచ్చింది. కనీసం దాటిందని తెలిస్తే సరిపోదు, ఎంత దాటిందో మనకు కావాలి. స్వతంత్రంగా చేసిన పరీక్షల్లో తడి బ్రేకింగ్ దూరం చూడండి, మిగతావి తర్వాత.

షాపులో పది నిమిషాలు

డబ్బు కట్టేముందు వయసు అంకెలు నాలుగు టైర్లకూ చూడండి. టైరు మీద బాణం గుర్తుంటే అది తిరగాల్సిన దిక్కు. "అవుట్‌సైడ్" అని రాసుంటే ఆ వైపు బయటికి కనిపించాలి. హడావుడిలో ఇవి తారుమారు కావడం మామూలే. బిగించాక మీరే చుట్టూ తిరిగి చూసుకోండి.

నాలుగూ ఒకేసారి కొనే స్తోమత లేకపోతే రెండు కొనండి. కొత్తవి వెనక చక్రాలకు వేయించండి. ఈ మాట షాపులో చెబితే వింతగా చూస్తారు. ముందు చక్రాలే బండిని లాగుతాయి, కొత్తవి అక్కడే కదా వేయాలి అంటారు. ముందు టైర్లు జారితే కారు నేరుగా సాగుతుంది, కాలు యాక్సిలరేటర్ మీంచి తీస్తే చాలావరకు దారికొస్తుంది. వెనకవి జారితే కారు గిర్రున తిరిగిపోతుంది, దాన్ని నిలబెట్టడం మామూలు డ్రైవరు వల్ల కాదు. అందుకే టైరు కంపెనీలు కూడా ఇదే సలహా ఇస్తాయి.

పాత టైర్లు విప్పినప్పుడు వాటి లోపలి అంచు మీద అరచెయ్యి పెట్టి నిమరండి. బయట బాగానే కనిపించి లోపలి అంచు నున్నగా అరిగిపోతే అలైన్‌మెంట్ తప్పిందన్నమాట. దాన్ని సరిచేయకుండా కొత్త టైరు వేస్తే అదీ అలాగే పోతుంది. అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ ఖర్చు టైర్ల లెక్కలోనే కలిపి చూసుకోండి.

గాలి ఎంత ఉండాలో డ్రైవరు తలుపు అంచు మీదో, పెట్రోలు మూత లోపలో స్టిక్కరు ఉంటుంది. బండి నడవకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు ఆ అంకె చూసి కొట్టించండి. హైవే మీద నడిచాక మూడు నాలుగు పీఎస్‌ఐ పెరగడం సహజం. ఎక్కువైందని అప్పుడు గాలి తీయించకండి. మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు కొత్త టైరును నెమ్మదిగా నడపండి, పైపొర పోయి అసలు పట్టు వచ్చేదాకా.

ఈ వారం చేయండి

ఒక కాగితం తీసుకుని ఈ ఐదూ రాయండి:

1. నా వారపు కిలోమీటర్లలో గల్లీ, సిటీ, హైవే వాటా ఎంత?
2. నా టైరు సైజు, బరువు సూచిక, వేగం అక్షరం, తయారైన వారం ఏమిటి?
3. గాడి లోతు నాలుగు టైర్లలోనూ ఎంత మిగిలింది?
4. నా బడ్జెట్ ఎంత? అందులో అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ కలిశాయా?
5. ఆ సైజులో రెండో రకం టైర్లు ఏవి దొరుకుతున్నాయి, వాటిలో తడి బ్రేకింగ్ దేనిది మెరుగు?

ఈ కాగితం జేబులో పెట్టుకుని షాపుకు వెళ్లండి. అందులో లేని ప్రశ్న ఏదైనా అక్కడ పుట్టి, కాగితంలో రాసిన దానికన్నా ఎక్కువ ఖర్చు పెట్టించబోతే, ఆ రోజు కొనకుండా తిరిగి వచ్చేయండి. షాపు ఎక్కడికీ పోదు. ఒక రాత్రి నిద్రపోయి లేచాక కూడా ఆ కోరిక నిలబడితే, దానికి కాగితం మీద ఒక కారణం రాసి మళ్లీ వెళ్లండి. కారణం రాయలేకపోతే అది మోజు. మోజు తీర్చుకోవడం తప్పేమీ కాదు, బ్రేకు మీద పెట్టాల్సిన డబ్బుతో మాత్రం తీర్చుకోకండి. ఈ పద్ధతి టైర్ల దగ్గర ఒకసారి కుదిరితే, ఉద్యోగం మారేటప్పుడు, ఇల్లు కొనేటప్పుడు కూడా అదే కాగితం తీయండి. మొదటి ప్రశ్న మారదు: రోజూ నేను తిరిగే దారి ఏది?